పావు మైలు కారుకు ధర కట్టడం

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఇల్లు కానివ్వండి, గేదె కానివ్వండి, పాత స్కూటర్ కానివ్వండి, అమ్మేవాడి నోట ఒక ధర ఉంటుంది, కొనేవాడి నోట ఇంకో ధర ఉంటుంది. మామూలు కారయితే ఈ తగువు తొందరగానే తేలుతుంది. ఏ సంవత్సరం మోడల్? ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? ఎన్ని చేతులు మారింది? ఈ మూడూ చెబితే చాలు, బ్రోకరు నిలబడ్డచోటే రేటు చెప్పేస్తాడు.

ఈరోజు మనం మాట్లాడుకునే కారుకు ఆ లెక్క పనికిరాదు. మోడల్ సంవత్సరం చెప్పి లాభం లేదు. లోపల ఆ సంవత్సరపు సామాను ఏదీ మిగల్లేదు. కిలోమీటర్లు అడిగి లాభం లేదు. అది ఒక్కో విడత పరిగెత్తేదే నాలుగు వందల మీటర్లు!

అదే డ్రాగ్ కారు. అమెరికా వాళ్ల ముచ్చట ఇది. తిన్నని దారి. పక్కపక్కనే రెండు కార్లు. పచ్చదీపం వెలగ్గానే దూకాలి. పావు మైలు, అంటే 1,320 అడుగులు, ముందు ఎవరు దాటితే వాళ్లదే గెలుపు. మలుపుల్లేవు, చుట్లు లేవు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత కార్లకు పెద్ద ఇంజన్లు బిగించి వీధుల్లో పందేలు వేసుకునేవారు. 1950లో శాంటా ఆనా విమానాశ్రయం రన్‌వే మీద ఆ పందేలకు టికెట్టు పెట్టారు. మరుసటి ఏడాది, 1951లో, వాలీ పార్క్స్ అనే ఆయన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించి ఆటకు నియమాలు తెచ్చాడు. ఈ సంఘాన్ని కాస్త గుర్తుంచుకోండి. ధర కట్టేటప్పుడు మళ్లీ దాని గడప తొక్కాలి.

మన వీధుల్లో తిరిగే చిన్న కారు ఆ పావు మైలు దాటడానికి పద్దెనిమిది, ఇరవై సెకన్లు తీసుకుంటుంది. డ్రాగ్ పిచ్చి పట్టినవాడు దాన్ని పది సెకన్లకు తేవాలంటాడు. తెచ్చాక తొమ్మిదంటాడు. ఆ ఒక్కో సెకను కోసం కారును ఎముకల దాకా మార్చేస్తాడు. ఒకరోజు ఇంట్లో పెళ్లో, పిల్లల చదువో, నడుం నొప్పో వస్తుంది. అమ్మేద్దాం అనుకుంటాడు. ఎంతకి?

మాట్లాడుకోడానికి మనకొక కారు కావాలి. 1990 ఫోర్డ్ మస్టాంగ్ అనుకుందాం. 1979 నుంచి 1993 దాకా వచ్చిన ఆ తరం మస్టాంగ్‌ను అక్కడ ఫాక్స్ బాడీ అంటారు. తేలికైన కారు. ఒకప్పుడు చవగ్గా దొరికేది. విడిభాగాలకు కొరత లేదు. అందుకే డ్రాగ్ పందేలవాళ్లకు అదంటే ప్రాణం. మన కారు యజమాని ఇంజన్ మార్చాడు. టర్బో పెట్టాడు. గేర్‌బాక్స్ మార్చాడు, వెనక యాక్సిల్ మార్చాడు. వెనక సీట్లు పీకేశాడు. డ్రైవరు చుట్టూ ఇనుప గొట్టాలతో పంజరం కట్టించాడు. దాన్నే రోల్ కేజ్ అంటారు. బిల్లులన్నీ ఒక ఫైల్లో దాచుకున్నాడు. కూడితే 60 వేల డాలర్లు తేలింది. పాతబడింది కాబట్టి 50 వేలకు ఇచ్చేద్దాం అనుకుంటున్నాడు, పాపం. ఈ అంకెలు లెక్క కోసం నేను అనుకున్నవి. కానీ ఆ ఆశ మాత్రం నిజమైనదే. ప్రతి యజమానిలోనూ ఉంటుంది.

నగ అమ్మడానికి వెళ్తే కొట్టువాడు ఏం చేస్తాడు? రాళ్లు తీసేసి బంగారం తూకం వేస్తాడు. మీరు మజూరీ ఎంత ఇచ్చారో అడగడు. ఈ కారుకూ అంతే. ఆ 60 వేలల్లో పెద్ద భాగం మజూరీ. గొట్టాలు వంచి అతికినందుకు, వైరింగు మళ్లీ లాగినందుకు, రంగు వేసినందుకు, ఇంజన్‌ను కంప్యూటర్‌కు కలిపి సరిచేసినందుకు ఇచ్చిన డబ్బు అది. మజూరీ తిరిగి రాదు. ఈ మాట మళ్లీ చెబుతున్నాను. మజూరీ తిరిగి రాదు.

ఇందులో ఇంకో కిటుకు ఉంది. అమ్మేవాడు ఇప్పటిదాకా ఎంత పెట్టానో లెక్కేస్తాడు. కొనేవాడు ఇంటికి తెచ్చాక ఇంకా ఎంత పెట్టాలో లెక్కేస్తాడు. ఒకడు వెనక్కి చూస్తాడు, ఒకడు ముందుకి చూస్తాడు. ధర కట్టేవాడు కొనేవాడి పక్కన నిలబడాలి. ఎందుకంటే జేబులో డబ్బు ఉన్నది అతనికే.

సరే, మొదలెడదాం. ముందు నేల ఎక్కడుందో చూడాలి. అంటే ధర ఇంతకంటే కిందికి పోదు అనే గీత. కారు మొత్తం విప్పేసి ముక్కలుగా అమ్మితే ఎంతొస్తుంది? డ్రాగ్ కార్లలో ఇది చాలా పనికొచ్చే ప్రశ్న. ఎందుకంటే ఈ సామానుకు విడిగా మంచి గిరాకీ ఉంటుంది. పవర్‌గ్లైడ్ అనే గేర్‌బాక్స్‌నే తీసుకోండి. జనరల్ మోటార్స్ దాన్ని 1950లో తెచ్చింది, 1973లో ఆపేసింది. దానికి ఉన్నవి రెండే గేర్లు. రోడ్డు మీద ఎవరికీ అక్కర్లేని ఆ పాత డిజైన్ కోసం డ్రాగ్ లోకం ఇప్పటికీ ఎగబడుతుంది. పావు మైలుకు రెండు గేర్లు చాలు మరి. అలాగే ఫోర్డ్ వారి తొమ్మిది అంగుళాల వెనక యాక్సిల్. ఏ కంపెనీ కారుకైనా దాన్నే తగిలిస్తారు. కనుక విప్పి అమ్మితే ఇవన్నీ పోతాయి. కానీ నెలలు పడుతుంది. ప్యాకింగు, రవాణా మీద పడతాయి. మంచివన్నీ ముందు అమ్ముడుపోతాయి. చివరికి చక్రాల్లేని డొక్కు గ్యారేజీలో మిగులుతుంది. మన మస్టాంగ్‌కు ఇవన్నీ పోను 20 వేల డాలర్లు వచ్చాయనుకోండి. అదే మన నేల.

కప్పు ఎక్కడ? అలాంటి కారునే ఇవాళ కొత్తగా కట్టిస్తే ఎంతవుతుందో అదే కప్పు. 60 వేలో, 70 వేలో. అంత ఎవరూ ఇవ్వరు. అంత పెట్టగలిగినవాడు తనకు నచ్చినట్టు కట్టించుకుంటాడు గానీ, మరొకరి అభిరుచిని ఎందుకు కొంటాడు? నేలకీ కప్పుకీ మధ్య ధర ఎక్కడ ఆగుతుందో తెలియాలంటే అలాంటి కార్లు ఎంతకు పోయాయో చూడాలి. ఎంతకు పోయాయో చూడమన్నాను. ఎంత అడుగుతున్నారో చూడమనలేదు. ప్రకటనలో రాసేది కోరిక. చేతికి వచ్చేదే ధర.

ఇక కారు దగ్గరికి వెళ్దాం. బానెట్ ఎత్తకముందే ఒక కాగితం అడగాలి. టైమ్ స్లిప్ అంటారు దాన్ని. పరుగు అయ్యాక ట్రాక్ వాళ్లు ఇచ్చే చీటీ. బస్సు టికెట్టంత కాగితమే కానీ, అందులో కారు జాతకమంతా ఉంటుంది. మొదటి అరవై అడుగులు ఎంతసేపట్లో దాటింది, సగం దూరానికి ఎంత, చివర ఎంత, గీత దాటేటప్పుడు వేగమెంత. మొదటి అరవై అడుగుల సమయం సస్పెన్షన్, టైర్లు ఎంత బాగున్నాయో చెబుతుంది. చివరి వేగం ఇంజన్ సత్తా చెబుతుంది.

మన యజమాని వెయ్యి గుర్రాల శక్తి అంటున్నాడు. డ్రాగ్ లోకంలో గుర్రాలు కోతల్లోనే ఎక్కువ పుడతాయి! కారు బరువు 3,000 పౌండ్లు. అంత బరువుకు వెయ్యి గుర్రాలు నిజంగా పనిచేస్తే చివర్లో వేగం గంటకు 160 మైళ్ల పైచిలుకు ఉండాలి. చీటీలో 144 ఉంది. పావు మైలులో వేగం రెట్టింపు కావాలంటే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. ఆ సూత్రంతో లెక్క కడితే పనిచేసినవి సుమారు 700 గుర్రాలు. మిగతా 300 యజమాని నోట్లో ఉన్నాయి. ఒకవేళ అతను గీత దాటకముందే కాలు తీసి ఉంటే వేగం తక్కువ కనిపిస్తుంది, అది వేరే సంగతి. అప్పుడు చివరిదాకా తొక్కిన చీటీ ఇంకోటి చూపించాలి. చీటీ లేకపోతే కొనేవాడు లేని గుర్రాలకు డబ్బివ్వడు, ఇవ్వకూడదు.

చీటీ చదవడంలో ఒక మెలిక ఉంది. అది ఏ ఊరి చీటీ? కొలరాడోలో డెన్వర్ దగ్గర బాండిమేర్ అనే ట్రాక్ ఉండేది. సముద్రమట్టానికి దాదాపు 5,800 అడుగుల ఎత్తున. అక్కడ గాలి పల్చన. గాలి పల్చనైతే ఇంజన్‌కు ఊపిరి తక్కువ. అదే కారు సముద్రతీరంలో ఇంకా ముందే గీత దాటుతుంది. మండుటెండలో తీసిన చీటీకీ, చల్లటి సాయంత్రం తీసిన చీటీకీ కూడా తేడా ఉంటుంది. కాబట్టి అంకె ఒక్కటే చూడకండి, ఊరూ రోజూ కూడా చూడండి.

ఇప్పుడు ఆ రోల్ కేజ్ సంగతి. నా దృష్టిలో ఇది ఇంజన్ కంటే ముఖ్యం. పది సెకన్ల లోపు పరిగెత్తే కారయితే నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ తనిఖీ చేసి కేజ్ మీద స్టిక్కర్ అంటించాలి. మన కారు లాంటివాటికి ఆ స్టిక్కర్ మూడేళ్లు చెల్లుతుంది. గొట్టం మందం ఎంతుందో పరికరం పెట్టి చూస్తారు. అతుకులు చూస్తారు. క్రోమోలీ అనే గట్టి ఉక్కుతో కేజ్ కడితే దాన్ని టిగ్ వెల్డింగ్‌తోనే అతకాలని నియమం. ఎవరో తెలిసినవాడు మిగ్ వెల్డింగ్‌తో చకచకా అతికేశాడనుకోండి, చూడ్డానికి బాగానే ఉంటుంది, స్టిక్కర్ మాత్రం రాదు. అప్పుడు ఆ కేజ్ కోసి మళ్లీ కట్టాలి. తొమ్మిది సెకన్ల కారు తొమ్మిది సెకన్లు పరిగెత్తడానికి అర్హత లేకపోతే అది ఏం కారు? ఇక్కడ తెగ్గొట్టేది వందలు కాదు, వేల డాలర్లు. సీటు బెల్టులకూ గడువుంటుంది. డ్రాగ్ కార్ల బెల్టులు రెండేళ్లకోసారి మార్చాలి, వాడినా వాడకపోయినా. ఇది చిన్న ఖర్చే. కానీ గడువు దాటిన బెల్టు చూస్తే కొనేవాడికి ఇంకో అనుమానం వస్తుంది. కనబడేదే పట్టించుకోనివాడు కనబడనిదాన్ని ఏం పట్టించుకుని ఉంటాడని.

కనబడనిది ఇంజన్ లోపల ఉంటుంది. ఈ మస్టాంగ్‌కు ఫ్యాక్టరీలో వచ్చింది అయిదు లీటర్ల వి8 ఇంజన్. మంచి ఇంజనే. కానీ 500 గుర్రాల దరిదాపుల్లో ఆ ఇంజన్ బ్లాక్ నిలువునా మధ్యకు చీలిపోతుందని ఆ లోకంలో అందరికీ తెలుసు. కాబట్టి కొనేవాడు మొదట అడిగేది ఒకటే, బ్లాక్ ఫ్యాక్టరీదా, బయట కొన్న గట్టి బ్లాకా? ఫ్యాక్టరీదే అయితే 700 గుర్రాల ఇంజన్ అంటే చీలడానికి సిద్ధంగా ఉన్నట్టు. దానికి ఇంజన్ ధర కట్టరు, అందులోని పనికొచ్చే సామాను ధర కడతారు. గట్టి బ్లాకే అయితే రెండో ప్రశ్న. తెరిచి బాగుచేశాక ఎన్ని పరుగులు తీసింది? ఇక్కడ వయసును పరుగుల్లో లెక్కేస్తారు. అనుభవం ఉన్న మెకానిక్ ఆయిల్ ఫిల్టర్ కోసి, లోపలి కాగితం మడతలు విప్పి చూస్తాడు. అందులో లోహపు తళుకులు కనిపిస్తే బేరింగులు అరుగుతున్నట్టు. యజమాని ఫిల్టర్ కొయ్యనివ్వను అంటే? ఫిల్టర్ ఎంతా... మహా అయితే పదిహేను డాలర్లు. వద్దన్నాడంటేనే అర్థమైపోతుంది.

ఇంతకీ వేగంగా పోతే ధర ఎక్కువా? చాలామంది అవుననుకుంటారు. అక్కడ వారాంతాల్లో ఎక్కువమంది ఆడే ఆట బ్రాకెట్ రేసింగ్. అందులో ప్రతివాడూ తన కారు ఎంతసేపట్లో దాటుతుందో ముందే చెప్పాలి. నెమ్మది కారు ముందు బయల్దేరుతుంది, వేగం కారు తర్వాత. చెప్పిన దానికంటే తొందరగా దాటేస్తే ఓడినట్టు! అంటే అక్కడ గెలిపించేది మాట నిలబెట్టుకునే కారు. పొద్దున పది సెకన్లయితే సాయంత్రమూ పదే కావాలి. అలాంటి కారుకు కొనేవాళ్లు ఎక్కువ. ఏడు సెకన్ల కారు గొప్పదే, కానీ దాన్ని నడపడానికి డబ్బు కావాలి, మనుషులు కావాలి, గుండె కావాలి. కొనేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వేగం పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది, కొనేవాళ్లు తగ్గుతారు.

ఇంకో సంగతి. కోసిన కారు, కొయ్యని కారు. టర్బో విప్పెయ్యొచ్చు. గేర్‌బాక్స్ విప్పెయ్యొచ్చు. కానీ వెడల్పు టైర్ల కోసం వెనక చాసిస్ కోసేస్తే మళ్లీ అతకలేం. 1969 కమారో లాంటి పాత కారును అలా కోస్తే, దాన్ని ఫ్యాక్టరీ రూపంలో చూడాలనుకునే కలెక్టర్లు అక్కడితో తప్పుకుంటారు. మిగిలేది రేసర్లే. మారుస్తున్నవాళ్లు ఎవరైనా వింటుంటే ఒక్క మాట. విప్పిన అసలు ఇంజన్, అసలు సీట్లు పారెయ్యకండి. మూల పడెయ్యండి, చోటు దండగ అని ఇంట్లోవాళ్లు తిట్టినా సరే. అమ్మేరోజున అవి పక్కన పెట్టి చూపిస్తే కొనేవాళ్లు రెండు రకాలవుతారు. కారు నంబరు పలక, యజమాని పేరు మీద రాష్ట్రం ఇచ్చిన టైటిల్ కాగితం కూడా భద్రం. టైటిల్ లేని కారు ట్రైలర్ మీదే తిరగాలి.

ఇన్ని చెప్పాక, వీటన్నిటికీ అడ్డం తిరిగే కథ ఒకటి చెప్పాలి. 1969లో షెవర్లే కంపెనీ పందేల కోసం జెడ్‌ఎల్‌1 అనే కమారో చేసింది. ఏడు లీటర్ల ఇంజన్, మొత్తం అల్యూమినియం. ఇలినాయ్ రాష్ట్రంలో లా హార్ప్ అనే చిన్న ఊళ్లో ఫ్రెడ్ గిబ్ అనే డీలరు, పందేల మీద మోజున్న మనిషి, ఏకంగా 50 కార్లకు ఆర్డరు పెట్టాడు. కార్లు వచ్చాయి, ధర 7 వేల డాలర్ల పైమాట. మామూలు కమారో దాంట్లో సగానికే వచ్చే రోజులు. ఎవరు కొంటారు? అమ్ముడుపోక చాలావాటిని కంపెనీకి తిప్పి పంపాడు. మొత్తం తయారైనవే 69. కొత్తగా ఉన్నప్పుడు ఎవరూ ముట్టని ఆ కార్లే ఇవాళ వేలంలో లక్షల డాలర్లు పలుకుతున్నాయి. ఇది విని మన మస్టాంగ్ యజమాని, అయితే నేనూ యాభయ్యేళ్లు ఆగుతాను అనొచ్చు. ఆగొద్దు నాయనా! వాటి విలువ వేగంలో లేదు. ఫ్యాక్టరీ కాగితం ఉంది, 69 అనే సంఖ్య ఉంది, చరిత్ర ఉంది. మన గ్యారేజీలో కట్టిన కారుకు ఆ మూడూ లేవు. పేరున్న రేసర్ నడిపిన కారయితే, అదీ ఫొటోలు, పత్రికల ఆధారాలతో రుజువైతే, కథ వేరు. అప్పుడది వాహనం నుంచి వారసత్వ వస్తువు అవుతుంది. ధర కట్టడానికి వేరే మనుషులు వస్తారు.

కారు ఏ ఊళ్లో ఉందన్నదీ ధరే. 2018లో న్యూజెర్సీలోని ఇంగ్లిష్‌టౌన్‌లో డ్రాగ్ పందేలు ఆగిపోయాయి. 2021లో అట్లాంటా డ్రాగ్‌వే, 2023లో హ్యూస్టన్ ట్రాక్, అదే ఏడాది ఇందాక చెప్పిన బాండిమేర్ మూతపడ్డాయి. చుట్టూ ఇళ్లు పెరిగాయి, భూమి విలువ పెరిగింది. ట్రాక్ పోతే ఆ చుట్టుపక్కల కొనేవాళ్లూ తగ్గుతారు. డాలస్ దగ్గరున్న మన తెలుగువాళ్లకు మాత్రం ఎన్నిస్‌లో టెక్సాస్ మోటర్‌ప్లెక్స్ ఉంది. 1986లో మొదలైన కాంక్రీటు ట్రాక్. సరదాపడి ఇలాంటి కారు కొనాలనుకునేవాళ్లు ముందు అక్కడికి వెళ్లి ఒక రోజంతా చూడండి. అమ్మే కారు పరిగెత్తడం కళ్లారా చూశాకే బేరం మొదలుపెట్టండి.

మన దేశంలో? ఇక్కడ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. తయారీదారు ఇచ్చిన స్వరూపం మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. ఇలా మార్చిన కారు రోడ్డెక్కితే సీజే. కొనేవాడు లేనిచోట ధర మాటెందుకు?

మళ్లీ మన మస్టాంగ్ దగ్గరికి. నేల 20 వేలు. అలాంటివి ఈమధ్య 22కీ 30కీ మధ్య పోయాయనుకుందాం. బ్లాక్ గట్టిది, ఫిల్టర్ శుభ్రంగా ఉంది. టైటిల్ ఉంది. తొమ్మిదిన్నర సెకన్లలోపు చీటీలు అరడజను ఉన్నాయి, అన్నీ దగ్గరదగ్గరగా ఉన్నాయి. వీటివల్ల పైకి. బెల్టుల గడువు దాటింది. కేజ్ స్టిక్కర్ వచ్చే ఏడాదితో సరి. వీటివల్ల కాస్త కిందికి. 26 వేలు అంటాను నేను. శీతాకాలంలో అమ్మితే ఇంకా తగ్గుతుంది. మంచు కరిగి సీజన్ మొదలయ్యే ముందు 29కి ప్రకటన ఇవ్వండి, 26 దగ్గర తెగుతుంది. ట్రైలర్, స్పేర్ టైర్లు కూడా కావాలని కొనేవాడు అడుగుతాడు, ఖాయం. వాటిని కారులో కలిపి ఇచ్చెయ్యకండి. విడిగా రేటు చెప్పండి. ఇంజన్ కంప్యూటర్ తాళం, ట్యూనింగ్ ఫైలు మాత్రం బేరంలో భాగమే. అవి చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దని కొనేవాళ్లకు నా మనవి.